బిడ్డ పైలట్ కోర్సుకు చెలక అమ్మాలా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా దేవరకొండ దగ్గర పల్లె. ఐదెకరాల చెలక, రెండెకరాల బత్తాయి తోట ఉన్నాయి. పెద్దబిడ్డ ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. బాగా చదువుతుంది. చిన్నప్పటి నుంచి పైలట్ అవుతాననే అంటోంది. నాగార్జునసాగర్ వైపు నుంచి వచ్చే చిన్న విమానాలను చూస్తూ పెరిగింది. ఈ మధ్య హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీకి వెళ్లాం. అన్నీ కలిపి 38 లక్షలు, ఏడాదిన్నరలో లైసెన్స్, వెంటనే నెలకు మూడు లక్షల జీతం అన్నారు. నెలాఖరులోగా రెండు లక్షలు కట్టి సీటు బుక్ చేసుకోమంటున్నారు. తర్వాత మూడు నెలల్లో సగం ఫీజు కట్టాలట. చెలక అమ్మితే ఆ డబ్బు వస్తుంది. మా బామ్మర్ది అమెరికాలో ఇంకా తక్కువకే అవుతుందంటాడు. మా ఇంటామె పెద్దవూర దగ్గర విమానం కూలిన సంగతి చెప్పి వద్దే వద్దంటోంది. పైగా బిడ్డకు కళ్లద్దాలున్నాయి. ఏం చేయమంటారు?
– దేవరకొండ నుంచి ఒక తండ్రి

సమాధానం:

అన్నా, ముందు తేల్చాల్సిన మాట ముందే చెబుతాను. ఈ నెలాఖరుకు ఆ రెండు లక్షలు కట్టకండి. చెలక గురించి ఇప్పుడే ఎవరితోనూ బేరం మాట్లాడకండి. బిడ్డ ఆశ మీద నీళ్లు చల్లమని కాదు నేననేది. ఈ దారి ఆమెకు పనికొస్తుందో లేదో తేల్చే మొదటి పనులన్నీ వేలల్లో అయ్యేవి. అవి దాటాకే లక్షల సంగతి. కన్సల్టెన్సీ వాళ్లు మీకు చెప్పిన వరుస దీనికి పూర్తిగా తలకిందులు. భూమి ముందు అమ్మమంటున్నారు, మెడికల్ పరీక్ష, రాత పరీక్షలు తర్వాత చూద్దామంటున్నారు.

ఆ 38 లక్షల లెక్క చూద్దాం.

విమానం నడిపి జీతం తీసుకోవాలంటే కమర్షియల్ పైలట్ లైసెన్స్ ఉండాలి. అందరూ సీపీఎల్ అంటారు. మన దేశంలో దాన్ని ఇచ్చేది డీజీసీఏ, పౌర విమానాలను నియంత్రించే కేంద్ర ప్రభుత్వ సంస్థ. 18 ఏళ్లు నిండాలి, ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి, కనీసం 200 గంటలు విమానం నడిపి ఉండాలి. ఆ 200లో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత మొత్తం తనదిగా నడిపినవి కావాలి. ఒక ప్రయాణం 300 నాటికల్ మైళ్లకు, అంటే దాదాపు 555 కిలోమీటర్లకు తగ్గకుండా ఉండాలి, అందులో రెండు వేర్వేరు ఎయిర్‌ఫీల్డుల్లో దిగాలి. రాత్రి నడిపే గంటలు, బయటికి చూడకుండా పరికరాల ఆధారంగా నడిపే గంటలు కూడా ఉన్నాయి. ఇవి చట్టం పెట్టిన లెక్కలు. ఏ స్కూలూ వీటిలో కోత పెట్టలేదు. కాబట్టి ఖర్చంతా ఒక్క ప్రశ్న దగ్గరికే వస్తుంది: గంటకు ఎంత?

చిన్న విమానానికి, అంటే ఒకే ఇంజిన్ ఉన్న సెస్నా లాంటి దానికి, మన దగ్గర స్కూళ్లు చెబుతున్న రేట్లు గంటకు 15 వేల నుంచి 20 వేల పైచిలుకు వరకు ఉన్నాయి. మధ్యస్థంగా 18 వేలు వేసుకోండి. ఆ 200 గంటల్లో ఓ 15 గంటలు రెండు ఇంజిన్ల విమానం మీద నడుపుతారు, ఎయిర్‌లైన్స్ అడిగేది దాన్నే. దాని రేటు వేరు. గంటకు 45 వేలు వేసుకుందాం. 185 గంటలకు 33 లక్షల 30 వేలు, 15 గంటలకు 6 లక్షల 75 వేలు. మొత్తం 40 లక్షల 5 వేలు. ఇది ఒక్క ఎగరడానికే. హాస్టల్ లేదు, క్లాసులు లేవు, పరీక్షలు లేవు. అక్కడే 38 దాటిపోయింది.

ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో కేంద్ర ప్రభుత్వ అకాడమీ ఉంది, ఇందిరా గాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ. ప్రవేశ పరీక్ష రాసి చేరాలి. అక్కడే ఫీజు 45 లక్షల చుట్టూ ఉంది. ప్రభుత్వ సంస్థకే అంతయ్యేది, మధ్యలో కమిషన్ తీసుకునే కన్సల్టెన్సీ 38కే అన్నీ కలిపి ఎలా ఇస్తుంది? ఇవ్వదు. ‘అన్నీ’ అన్న మాటలో ఏవేవి ఉన్నాయో కాగితం మీద రాసివ్వమని అడగండి. రాసివ్వడానికి వెనకాడితే మీకు జవాబు దొరికినట్టే.

ఆ కాగితంలో సాధారణంగా కనపడనివి చెబుతాను. గ్రౌండ్ క్లాసులకు, అంటే రాత పరీక్షల పాఠాలకు, రెండున్నర నుంచి మూడు లక్షలు. హాస్టల్, తిండి నెలకు 15 వేలనుకున్నా ఇరవై నెలలకు మూడు లక్షలు. మెడికల్, పరీక్ష ఫీజులు, రేడియో లైసెన్స్, హెడ్‌సెట్, యూనిఫాం, ప్రయాణాలు కలిపి లక్షన్నర. ఒక పాఠం రెండోసారి నేర్చుకోవాల్సి వస్తే ఆ గంటకు మళ్లీ 18 వేలు. ఇలా సీపీఎల్ చేతికొచ్చేసరికి 50 లక్షలు అవుతాయనుకుని ఇంట్లో లెక్క వేసుకోండి. ఆలస్యమైతే ఇంకా పెరుగుతుంది.

అది చేతికొచ్చాక కూడా ఎయిర్‌బస్ ఎక్కనివ్వరు. పెద్ద విమానం నడపాలంటే ఆ రకానికి విడిగా టైప్ రేటింగ్ చేయాలి. దానికి ఇంకో 15 నుంచి 20 లక్షలు. కొన్ని ఎయిర్‌లైన్స్ తమ కేడెట్ ప్రోగ్రాముల్లో దీన్ని కలిపే తీసుకుంటాయి, కానీ వాటి మొత్తం ఖర్చు కోటి దగ్గర ఉంటుంది. హైదరాబాద్ పాతబస్తీలో బేకరీలో పనిచేసే తండ్రి కూతురు సల్వా ఫాతిమా గురించి మీరు పేపర్లో చదివే ఉంటారు. ఆమె సీపీఎల్ సాధించాక కూడా రెండింజన్ల శిక్షణకు, టైప్ రేటింగ్‌కు డబ్బు లేక ఆగాల్సి వచ్చింది. ప్రభుత్వం సాయం చేశాకే ముందుకెళ్లగలిగారు. అంత ప్రతిభ ఉన్న అమ్మాయికే అక్కడ బ్రేక్ పడింది. అందుకే మీ లెక్కలో చివరి అంకె 38 కాదు, 50 కూడా కాదు, 65 నుంచి 70. ఆ అంకెను చూసి నిర్ణయం తీసుకోండి.

ఇంత ఎందుకవుతుందని మీకు అనిపించవచ్చు. ఒక గంట ఎలా గడుస్తుందో చెబితే మీకే అర్థమవుతుంది. పొద్దున్నే, ఎండ ముదరకముందే, ఆమె విమానం దగ్గరికి వెళ్తుంది. రెక్క కింద చిన్న వాల్వ్ నొక్కి పెట్రోల్‌ను పారదర్శకంగా ఉండే గ్లాసులోకి తీస్తుంది. విమానాల పెట్రోల్ నీలం రంగులో ఉంటుంది. అడుగున నీళ్ల బుడగ కనపడిందంటే అది పోయేదాకా మళ్లీ మళ్లీ తీసి చూడాలి. రెక్క ఎక్కి ట్యాంకులో కొలత పుల్ల పెట్టి ఎంత పెట్రోల్ ఉందో చూస్తుంది, మీటర్‌ను నమ్ముకోరు. ఆయిల్ చూస్తుంది. రెక్కల చివర కదిలే పలకలను చేత్తో పట్టుకుని కదిపి చూస్తుంది. ఇంతవరకు డబ్బు పడదు. ఇంజిన్ ఆన్ చేసి విమానం కదిలిందంటే గంట మొదలైనట్టు. రన్‌వే చివర ఆగి ఇంజిన్ పెంచి, ఇగ్నిషన్ రెండు వైపులా సరిగా ఉందో లేదో ఒక్కోటి ఆపి చూస్తుంది. ముందు రెండు విమానాలుంటే వాటి వెనక ఆగుతుంది. అలా నిలబడ్డ పావుగంటకూ బిల్లు పడుతుంది. లాగ్‌బుక్‌లో గంట రాస్తారు, గాలిలో ఉన్నది నలభై ఐదు నిమిషాలే కావచ్చు. అందుకే రద్దీగా ఉండే ఎయిర్‌పోర్టులో నేర్చుకునే గంటకూ, ఖాళీ ఎయిర్‌ఫీల్డులో నేర్చుకునే గంటకూ విలువలో తేడా ఉంటుంది. స్కూల్ చూడ్డానికి వెళ్లినప్పుడు రేటు ఒక్కటే అడక్కండి. పొద్దున ఏడు గంటలకు రన్‌వే దగ్గర ఎన్ని విమానాలు వరుసలో ఆగి ఉన్నాయో కూడా చూడండి.

ఆ గంటలో విమానం పాతిక నుంచి ముప్పై ఐదు లీటర్ల దాకా తాగుతుంది. అది బంకులో దొరికే పెట్రోల్ కాదు, ఏవ్‌గ్యాస్. 2022 దాకా మన దేశం దాన్ని పూర్తిగా బయటి నుంచే తెచ్చుకునేది. ఆ ఏడాది ఇండియన్ ఆయిల్ గుజరాత్ రిఫైనరీలో తయారీ మొదలుపెట్టింది. ఇంజిన్‌ను దాదాపు 2,000 గంటలకోసారి మొత్తం విప్పి ఓవర్‌హాల్ చేయాలి, ఆ ఖర్చును ప్రతి గంట మీదా పంచుతారు. పక్కన కూర్చునే ఇన్‌స్ట్రక్టర్ జీతం, ఇన్సూరెన్స్, డాలర్లలో కొనే స్పేర్ పార్టులు, ల్యాండింగ్ చార్జీలు కూడా అందులోనే. కాబట్టి 18 వేలలో దోపిడీ లేదు. చిన్న విమానం ఖర్చే అంత. ఎవరైనా గంటకు 10 వేలకే నేర్పిస్తామంటే, మిగిలిన ఖర్చు ఎక్కడ తగ్గిస్తున్నారని అడగాలి. మెయింటెనెన్స్‌లో తగ్గిస్తున్నారేమోనని మాత్రం భయపడాలి.

ఈ లెక్కలో మీరు తప్పక గమనించాల్సింది ఒకటుంది, జీఎస్టీ. డీజీసీఏ ఆమోదించిన స్కూళ్లలో ఆమోదించిన ఫ్లయింగ్ కోర్సులకు జీఎస్టీ లేదని స్పష్టం చేయాలని 2024 సెప్టెంబరులో 54వ జీఎస్టీ కౌన్సిల్ సమావేశం నిర్ణయించింది, అక్టోబరులో సర్క్యులర్ కూడా వచ్చింది. మీ కొటేషన్‌లో ఫ్లయింగ్ ఫీజు మీద 18 శాతం వేసి ఉంటే ఎందుకని అడగండి. 40 లక్షల మీద అది 7 లక్షల 20 వేలు.

ఇప్పుడు డబ్బు కట్టే పద్ధతి. నాకు అన్నిటికంటే టెన్షన్ పుట్టించింది మీ ఉత్తరంలోని ఆ ‘మూడు నెలల్లో సగం ఫీజు’ అన్న మాట. కల్వకుర్తి వైపు ఒక కుటుంబాన్ని నేను దగ్గరగా చూశాను. ఫీజులో ఎక్కువ భాగం ముందే కట్టేశారు. చేరాక తెలిసింది, అకాడమీ కాగితాల్లో ఉన్న విమానాల్లో సగం ఎగరడం లేదని. ఒకదానికి ఇంజిన్ రావాలి, ఇంకోదానికి పార్టు రావాలి. ఇన్‌స్ట్రక్టర్లు మారిపోతున్నారు. ఆ అబ్బాయికి నెలకు ఐదు గంటలు దొరికితే గొప్ప. నెలకు ఐదు గంటల చొప్పున 200 గంటలకు నలభై నెలలు పడుతుంది. హాస్టల్ ఖర్చు రెట్టింపవుతుంది. పైగా లైసెన్స్‌కు దరఖాస్తు చేసే ముందు ఆరు నెలల్లో కనీసం 15 గంటలు నడిపి ఉండాలన్న నిబంధన ఉంది. మధ్యలో ఆగిపోతే చేయి తప్పుతుంది, నేర్చుకున్నదే మళ్లీ డబ్బు పెట్టి నేర్చుకోవాలి. 120 గంటల దగ్గర ఆగిపోయిన పైలట్ కోర్సు సగం లోతులో ఆపిన బోరు లాంటిది, మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆ కుటుంబం ఫీజు వాపసు కోసం తిరిగీ తిరిగీ అలసిపోయింది.

అందుకని డబ్బు ఎప్పుడూ గంటల వెనకే నడవాలి. చేరేటప్పుడు రిజిస్ట్రేషన్, ఆ తర్వాత ఓ పాతిక గంటలకు సరిపడా కట్టడం, అవి అయ్యాక మళ్లీ కట్టడం. దీనికి ఒప్పుకునే స్కూళ్లు ఉన్నాయి. ఒప్పుకోనివాళ్లు చెప్పే డిస్కౌంట్‌కు ఆశపడకండి. డబ్బు నేరుగా స్కూల్ ఖాతాలోకే వెళ్లాలి, కన్సల్టెన్సీ ఖాతాలోకి కాదు. వాపసు షరతులు సంతకం చేసిన కాగితంలో ఉండాలి. స్కూల్‌కు వెళ్లినప్పుడు ఆఫీసు గదిలో కూర్చుని బ్రోచర్ చూసి వచ్చేయకండి. బయట చెట్టు కిందో క్యాంటీన్‌లోనో కూర్చున్న పిల్లల దగ్గరికి వెళ్లి, ‘పోయిన నెల ఎన్ని గంటలు ఎగిరావు బాబూ, లాగ్‌బుక్ చూపిస్తావా’ అని అడగండి. పిల్లలు అబద్ధం చెప్పరు, కట్టిన డబ్బు మీద వాళ్లకూ దిగులుంటుంది. నెలకు 12 గంటలు పైన కనపడితే మంచి స్కూల్ కిందే లెక్క. అంతకు చాలా తగ్గితే ఫీజు ఎంత తక్కువైనా వదిలేయండి.

2025 అక్టోబరు నుంచి డీజీసీఏ ఫ్లయింగ్ స్కూళ్లకు ఏడాదికి రెండుసార్లు గ్రేడ్లు ఇస్తోంది. భద్రత, విమానాల అందుబాటు, విద్యార్థులకు అందే సాయం లాంటివన్నీ చూసి ఇచ్చే గ్రేడ్లివి. మొదటి జాబితాలో పై రెండు గ్రేడ్లు ఒక్క స్కూల్‌కూ రాలేదు. అది చూస్తేనే మన స్కూళ్ల పరిస్థితి అర్థమవుతుంది. కన్సల్టెన్సీ చెప్పే స్కూల్ పేరు ఆ జాబితాలో ఎక్కడుందో బిడ్డను ఫోన్‌లో చూడమనండి, ఐదు నిమిషాల పని.

చెలక సంగతి. వ్యవసాయ భూమి తాకట్టు పెట్టి విద్యారుణం తీసుకోవచ్చని మీ ఊళ్లో ఎవరైనా చెప్పి ఉండవచ్చు. బ్యాంకులు దానికి సాధారణంగా ఒప్పుకోవు. బాకీ పడితే బ్యాంకు ఆస్తి స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు, అందుకే వాళ్లకు ఆ తాకట్టు మీద నమ్మకం ఉండదు. ఏడున్నర లక్షల దాకా ఆస్తి తాకట్టు లేకుండా ఇస్తారు. అంతకు మించితే ఇల్లో, ప్లాటో, ఫిక్స్‌డ్ డిపాజిట్టో అడుగుతారు. దేవరకొండలోనో నల్లగొండలోనో మీకు గానీ, దగ్గరి బంధువులకు గానీ ఇల్లుంటే దాని మీద ఆలోచించవచ్చు. 20 లక్షలు 11 శాతం వడ్డీకి పదేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 27,500 కట్టాలి. ఉద్యోగం ఆలస్యమైతే ఆ కిస్తీ బత్తాయి తోట మీద వచ్చే ఆదాయంతో మీరు కట్టగలరా అన్నది చూసుకోండి. ఒక్క ఏడాది కాయ రాలిపోతే ఏమవుతుందో కూడా కలుపుకుని చూసుకోండి.

అమ్మాల్సి వస్తే నా అభిప్రాయం ఇది. చెలకలో కొంత అమ్మండి, తోట జోలికి పోకండి. అది మీ ఇల్లు గడిపే ఆదాయం. రెండో బిడ్డ వాటా ఎంతో ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. ఈ మాట వాయిదా వేసిన ఇళ్లలో తర్వాత అన్నదమ్ములు, అక్కాచెల్లెళ్ల మధ్య మాటల్లేకుండా పోవడం చూశాను. అమ్మిన డబ్బులో టైప్ రేటింగ్‌కు కావలసిన భాగాన్ని మొదటి రోజే విడిగా డిపాజిట్ చేసి తాళం వేయండి. మీ భూమి దేవరకొండ మున్సిపాలిటీ హద్దు నుంచి రెండు కిలోమీటర్ల అవతల ఉంటే, పల్లె వ్యవసాయ భూమిగా లెక్కకొచ్చి అమ్మకం మీద ఆదాయపు పన్ను పడదు. దీన్ని మాత్రం ఆడిటర్‌తో ఖాయం చేసుకోండి. ఏడెకరాలూ పెడితే తప్ప 65 లక్షలు రావనుకుంటే ఈ దారిలో దిగవద్దు. ఇది బాధతోనే చెబుతున్నాను.

ఎందుకంటే ఉద్యోగం వెంటనే వస్తుందన్న మాటకు ఎవరూ హామీ ఇవ్వలేరు. 2023లో ఒక్క ఏడాదే డీజీసీఏ 1,622 సీపీఎల్‌లు ఇచ్చింది. వాళ్లందరూ అవే ఎయిర్‌లైన్స్ తలుపులు తడతారు. ఎయిర్‌లైన్ రాత పరీక్ష, సిమ్యులేటర్ పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. కొందరికి ఆరు నెలల్లో పిలుపొస్తుంది, కొందరు రెండు మూడేళ్లు చూస్తారు. మూడు లక్షల జీతం వచ్చేవాళ్లు ఉన్నారు, అది మొదటి నెల జీతం మాత్రం కాదు. కోపైలట్‌గా చేరినప్పుడు అందులో సగం కూడా ఉండకపోవచ్చు.

కళ్లద్దాల గురించి దిగులు వద్దు. అద్దాలతో చూపు సరిగా వస్తే పౌర విమానాల పైలట్‌కు అభ్యంతరం లేదు. అసలు చూడాల్సింది రంగులు. రంగు చుక్కల మధ్య దాగిన అంకెలు చదివించే పుస్తకం ఒకటి కంటి డాక్టర్ల దగ్గర ఉంటుంది. నల్లగొండలో ఏ కంటి డాక్టర్ అయినా పది నిమిషాల్లో చెబుతారు. ఇదే మీ మొదటి ఖర్చు, కొన్ని వందలు. అది బాగుంటే డీజీసీఏ జాబితాలోని డాక్టర్ దగ్గర క్లాస్ 2 మెడికల్, తర్వాత సీపీఎల్‌కు తప్పనిసరైన, ఇంకా కఠినమైన క్లాస్ 1 మెడికల్. క్లాస్ 1 మొదటిసారి చేసేది కొన్ని కేంద్రాల్లోనే. బెంగళూరులోని వైమానిక దళం ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ వాటిలో ఒకటి. ఇవన్నీ ప్రయాణంతో కలిపి వేలల్లో తేలేవే. ఆడపిల్లల్లో రక్తం తక్కువగా ఉండి తాత్కాలికంగా ఆగిపోవడం జరుగుతుంటుంది, ముందే హిమోగ్లోబిన్ చూపించి సరిచేసుకోండి. క్లాస్ 1 చేతిలో లేకుండా ఒక్క రూపాయి ఫ్లయింగ్ ఫీజు కట్టవద్దు. స్కూళ్లు క్లాస్ 2 మీదే చేర్చుకుంటాయి. ఆ తర్వాత క్లాస్ 1లో ఆగితే పోయేది మీ డబ్బే.

తర్వాత రాత పరీక్షలు. ఎయిర్ నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్, టెక్నికల్. పాస్ మార్కు 70 శాతం. ఇంటర్ పూర్తయ్యాక హైదరాబాద్‌లో ఉండి ఓ ఆరేడు నెలలు చదివితే రాసేయవచ్చు. పేపర్లు రాయకుండా ఎగరడానికి వెళ్లిన పిల్లలు పగలంతా ఎండలో ఎయిర్‌ఫీల్డులో ఉండి రాత్రి పుస్తకం పట్టుకోలేక వెనకబడతారు. పేపర్లు ముందే అయిపోతే మనసు ఫ్లయింగ్ మీదే ఉంటుంది, రెండింటి మధ్య నలిగి గంటలు వృథా కావు. ఇంకో సంగతి. ఈ పేపర్లు చదివేటప్పుడే ఆమెకు ఇది నిజంగా ఇష్టమా, లేక ఆకాశంలో విమానం చూసి పుట్టిన ముచ్చటా అన్నది తెలిసిపోతుంది. ఒక గంట ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగిరి చూసే అవకాశం ఏ స్కూలైనా ఇస్తే ఆ 20 వేలు పెట్టండి. కళ్లు తిరిగాయా, మళ్లీ ఎప్పుడెక్కుదామా అని దిగిందా, మీరే చూస్తారు.

అమెరికా మాట క్లుప్తంగా. గంట రేటు కొన్నిచోట్ల తక్కువే, వాతావరణం బాగుండి త్వరగా అవుతుంది. కానీ వీసా, డాలర్ రేటు, అక్కడి అద్దె కలిపితే ఆ లాభం కరిగిపోతుంది. తిరిగొచ్చాక మన డీజీసీఏ పేపర్లు, మెడికల్, పరీక్ష ఫ్లయిట్లు ఎలాగూ ఇవ్వాలి. మీ ఇంటి పరిస్థితికి నేను దాన్ని సూచించను.

డబ్బు లేకుండా ఎగిరే దారులు కూడా చూడండి. సైనిక దళాల్లో అధికారులుగా తీసుకునే ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్షకు ఇప్పుడు ఆడపిల్లలు కూడా అర్హులే, వయసు పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర, దరఖాస్తు ఫీజు లేదు. వైమానిక దళంలో పైలట్ శిక్షణంతా ప్రభుత్వ ఖర్చే, మన దుండిగల్‌లోనే నేర్పిస్తారు. అయితే అక్కడ చూపు నియమాలు చాలా కఠినం. దూరం కనపడక అద్దాలు పెట్టుకున్నదైతే పైలట్ విభాగం దొరకడం కష్టం. ఆ సంగతీ ఆ కంటి డాక్టర్‌నే అడగండి. డిగ్రీలో చేరితే ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ ఉన్న కాలేజీ చూసుకోమనండి, వాళ్లకు మైక్రోలైట్ విమానంలో ఎగిరే అవకాశం ఉంటుంది. మీరు ఏ సామాజిక వర్గమో రాయలేదు. ఎస్సీ, ఎస్టీ, బీసీ అయితే నల్లగొండ కలెక్టరేట్‌లోని సంక్షేమ శాఖలో పైలట్ శిక్షణకు ఈ ఏడాది ఏ సాయం ఉందో అడగండి. విదేశీ విద్యా నిధి పథకాలు పీజీ చదువులకే, వాటి మీద ఆశ పెట్టుకోకండి. బేగంపేటలో తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ ఉంది, అక్కడికి మీరే వెళ్లి అడిగి రండి, మధ్యవర్తి అవసరం లేదు.

ఇక మీ ఇంటామె భయం. 2022 ఫిబ్రవరి 26న పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర శిక్షణ విమానం పొలాల్లో కూలింది. ఒంటరిగా నడుపుతున్న ట్రైనీ అమ్మాయి చనిపోయింది. మీకు దగ్గరి ఊళ్లోనే జరిగింది, ఆ అమ్మాయిదీ మీ బిడ్డ లాంటి ఆశే. ఆ తల్లి భయాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు, ‘బస్సులు పడట్లేదా’ అని నోరు మూయించకూడదు. చిన్న విమానాల శిక్షణలో ప్రమాదం పెద్ద ఎయిర్‌లైన్ ప్రయాణంలో కంటే ఎక్కువే. స్కూల్‌ను బట్టి ఆ ప్రమాదం పెరుగుతుంది, తగ్గుతుంది. కాబట్టి స్కూల్ చూడ్డానికి వెళ్లేటప్పుడు ఆమెనూ తీసుకెళ్లండి. విమానాన్ని ఎవరు రిపేర్ చేస్తారు, ఇంజనీర్ స్కూల్‌లోనే ఉంటారా, గాలి ఎక్కువుంటే పిల్లలను ఒంటరిగా పంపకుండా ఆపేది ఎవరు, ఒక ఇన్‌స్ట్రక్టర్ కింద ఎంతమంది పిల్లలు, గత ప్రమాదాల తర్వాత ఏం మార్చారు. ఈ ప్రశ్నలు ఆమెనే అడగనివ్వండి. జవాబు చెప్పేవాళ్లు విసుక్కుంటే ఆ గేటు నుంచి బయటికి వచ్చేయండి. అన్నీ విన్నాక కూడా ఆమె వద్దంటే, ఆమె సంతకం లేకుండా భూమి అమ్మవద్దు. పాసుబుక్‌లో పేరు మీ ఒక్కరిదే ఉన్నా సరే.

కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్ చేస్తే, క్లాస్ 1 వచ్చాక మాట్లాడతామని చెప్పండి. సీటు పోతుందంటే పోనివ్వండి. ఫ్లయింగ్ స్కూళ్లు ఏడాది పొడవునా విద్యార్థుల కోసం వెతుకుతూనే ఉంటాయి. మీ బిడ్డకు ఈ నెలలో చేయాల్సినవి రెండే. కంటి పరీక్ష, ఇంటర్ పరీక్షలకు ఫిజిక్స్, మ్యాథ్స్ గట్టిగా చదవడం. క్లాస్ 1 వచ్చి రెండు పేపర్లయినా పాసయ్యాక, ఏ స్కూల్ ఇచ్చిన ఫీజు కాగితమైనా ఫొటో తీసి నాకు పంపండి. ఏది కట్టాలో, ఏది అడగాలో వరుస వరుసా చూసి చెబుతాను.